వంటింటి వెనక గది

న్యూయార్క్‌లో ఇళ్లు అమ్మిపెట్టేవాళ్ల భాషలో 'ప్రీ-వార్' అన్నమాట ఒక పొగడ్త. యుద్ధానికి ముందు కట్టిన ఇల్లు అని. ఏ యుద్ధమంటే రెండో ప్రపంచయుద్ధం. సుమారుగా 1900కీ 1940కీ మధ్య మన్‌హాటన్‌లో లేచిన పెద్ద అపార్ట్‌మెంట్లన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. ఎత్తయిన సీలింగు, పక్కింటివాళ్ల దగ్గు కూడా వినపడనంత మందం గోడలు, చేప ముల్లులా అల్లిక పేర్చిన ఓక్ చెక్కల నేల, గోడకీ కప్పుకీ మధ్య సున్నంతో తీర్చిన పూల అంచులు, హాల్లో ఒక ఫైర్‌ప్లేస్. పార్క్ ఎవెన్యూలోనో ఫిఫ్త్ ఎవెన్యూలోనో సెంట్రల్ పార్క్‌కి పడమటి వైపునో ఇలాంటి ఇల్లు ఉండడమంటే ఆ ఊళ్లో అదొక హోదా. ఇంకేమీ చెప్పక్కర్లేదు.

పాతకాలమే బాగుండేదన్న బెంగని ఇంత నాజూగ్గా అమ్ముకునే మాట ఇంకోటి నాకు కనపడలేదు. బాగుండేది ఎవరికి? 1940లో అమెరికాలో ఉద్యోగం చేస్తున్న నల్లజాతి స్త్రీలలో దాదాపు 60 శాతం మంది ఎవరో ఒకరి ఇంట్లో పని చేస్తున్నవాళ్లే. యుద్ధం వచ్చి ఫ్యాక్టరీలకి మనుషులు కరువైనప్పుడు వాళ్లలో ఎంతోమంది ఆ వంటిళ్లలోంచి బయటపడ్డారు. యుద్ధాన్ని నేను మెచ్చుకోవడం లేదు. కానీ 'యుద్ధానికి ముందు' అన్నమాట తలుచుకుని నిట్టూర్చే హక్కు ఆ ఇంట్లో అందరికీ సమానంగా లేదు. హాల్లో కూర్చున్నావిడకి అది ఫైర్‌ప్లేస్ కాలం. ఆ బూడిద ఎత్తినావిడకి అది వంటింటి వెనక గది కాలం.

ఆ గది గురించే ఈ వ్యాసం.

ఈమధ్య ఒక సాహిత్య సదస్సులో 'స్త్రీ, స్థలం, సృజన' అన్న అంశం మీద ఒకామె పత్రం చదివింది. బాగా చదివింది. చివర్లో తెర మీద ఒక ఫొటో వేసింది. న్యూయార్క్‌లో, అప్పర్ వెస్ట్ సైడ్‌లో ఒక స్త్రీవాద పండితురాలు రాసుకునే గది అట. సన్నటి గది, ఒకే కిటికీ, కిటికీ కింద బల్ల, గోడ నిండా పుస్తకాలు. వర్జీనియా వుల్ఫ్ కోరిన సొంత గది ఇదిగో అంది. హాలంతా చప్పట్లు. ఫొటోలో ఆ గది తలుపు ఎటు తెరుచుకుంటోందో ఎవరూ చూడలేదు. వంటింట్లోకి తెరుచుకుంటోంది. చర్చా సమయంలో నేనా సంగతి ఎత్తితే, "అయితే ఏమిటి? ఒకప్పుడు పనిమనిషిని పెట్టిన గదిలో ఇవాళ ఒక స్త్రీ రచయిత ఉంది, ఇది విజయం కాదా?" అని అడిగారు. సమయం లేదని అధ్యక్షురాలు గంట కొట్టింది. నా జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు కో-ఆప్ అంటే ఏమిటో చెప్పాలి, ఎందుకంటే ఆ పేరు విని మనవాళ్లు కొందరు మురిసిపోతారు. సహకారం కదా, ఉమ్మడితనం కదా అని. మన్‌హాటన్‌లో ఈ ప్రీ-వార్ ఇళ్లలో చాలాభాగం కో-ఆప్‌లే. కో-ఆప్‌లో మీరు ఇల్లు కొనరు. ఆ బిల్డింగుకి యజమాని ఒక కంపెనీ. మీరు ఆ కంపెనీలో షేర్లు కొంటారు, వాటితోపాటు ఫలానా ఫ్లాట్‌లో ఉండే హక్కు లీజు రూపంలో వస్తుంది. ఎవరికి షేర్లు అమ్మవచ్చో తేల్చేది బోర్డు, అంటే ఇప్పటికే ఉంటున్నవాళ్లు తమలోంచి ఎన్నుకున్న నలుగురైదుగురు. కొనదల్చుకున్నవాళ్లు ఆదాయపు పన్ను కాగితాలు, బ్యాంకు లెక్కలు, ఉద్యోగం ఇచ్చినవాళ్ల దగ్గర్నుంచి ఉత్తరాలు, స్నేహితుల దగ్గర్నుంచి గుణగణాల ఉత్తరాలు ఒక కట్టగా ఇచ్చుకోవాలి. ఆ తర్వాత ఇంటర్వ్యూ. కొన్నిచోట్ల కుక్కని కూడా తీసుకొచ్చి చూపించాలి. అచ్చంగా మన పెళ్లిచూపులే. ఇంటికెళ్లి ఉత్తరం రాస్తామంటారు, ఆ ఉత్తరంలో వద్దనే ఉంటుంది, ఎందుకు వద్దో ఉండదు.

కారణం చెప్పనక్కర్లేదన్నది మాటవరసకి అంటున్నది కాదు. న్యూయార్క్ రాష్ట్రపు అత్యున్నత న్యాయస్థానం 1959లోనే, పార్క్ ఎవెన్యూలోని ఒక కో-ఆప్ కేసులో, చట్టం నిషేధించిన వివక్ష కానంతవరకూ బోర్డు తన ఇష్టమొచ్చినట్టు నిరాకరించవచ్చని చెప్పింది. 1990లో వన్ ఫిఫ్త్ ఎవెన్యూ అనే బిల్డింగు విషయంలో వచ్చిన ఇంకో తీర్పు, బోర్డులు చేసే నిర్ణయాల్లో కోర్టులు సాధారణంగా తలదూర్చవని స్థిరపరిచింది. ఆ కేసు దేని గురించో తెలుసా? ఒకాయన తన వంటిల్లు పెద్దది చేసుకోబోతే ఆవిరి గొట్టం అడ్డం వచ్చింది, దాన్ని జరపడం గురించి. ఇంటి రాజకీయాలన్నీ వంటింట్లోనే మొదలవుతాయని మనం ఊరికే అనలేదు.

జాతి, మతం చూసి ఇల్లు నిరాకరించడం న్యూయార్క్ నగరంలో 1957 నుంచీ, దేశమంతటా 1968 నుంచీ నేరం. తర్వాత పెళ్లి అయిందా లేదా అని చూడడం కూడా అక్కడి చట్టం ఒప్పుకోనిదే. సరే. కానీ కారణం చెప్పనక్కర్లేని చోట వివక్షని రుజువు చేయడమెలా? నోరు మూసుకుని కాదన్నవాడికి చట్టం రక్ష. నోరు జారినవాడు మాత్రమే దొరుకుతాడు.

ఈ బోర్డుల కథలు చెప్పుకోవడమంటే స్త్రీవాద చర్చల్లో సరదా. 1980లో ఈస్ట్ నది ఒడ్డున ఉన్న రివర్ హౌస్ అనే కో-ఆప్ గ్లోరియా వాండర్‌బిల్ట్‌ని కాదంది. నల్లజాతి గాయకుడు బాబీ షార్ట్‌తో తన స్నేహమే కారణమని ఆమె ఆరోపించింది, బోర్డు కాదంది. 1985లో శాన్ రెమో బోర్డు మడోనాని వద్దంది. ఒంటరి స్త్రీ అంటే, పేరున్న స్త్రీ అంటే, లోకం దృష్టిలో అదుపులో లేని స్త్రీ అంటే ఈ బోర్డులకి దడ. అది పితృస్వామ్యమే, నేను కాదనను. 1974లో సమాన రుణ చట్టం వచ్చేదాకా అమెరికాలో చాలామంది స్త్రీలకి భర్త సంతకం లేకుండా అప్పే పుట్టేది కాదు, అలాంటప్పుడు సొంతంగా షేర్లు కొన్న ప్రతి స్త్రీ వెనకా ఒక పోరాటం ఉంది. కానీ ఈ కథలన్నీ వీధిగుమ్మం దగ్గర ఆగిపోతాయి. లక్షాధికారి స్త్రీని లోపలికి రానివ్వలేదని మన బాధ. దొడ్డిగుమ్మంలోంచి రోజూ లోపలికి వస్తున్న స్త్రీ సంగతి? ఆమెని ఏ బోర్డూ ఇంటర్వ్యూ చేయదు. ఆమె రాకపోతే ఇల్లు నడవదు గనక ఆమె ఎలాగూ వస్తుంది.

దొడ్డిగుమ్మం అన్నది అలంకారం కాదు. ఈ బిల్డింగుల్లో సర్వీస్ ఎంట్రన్స్ అని వేరే ద్వారం, సర్వీస్ ఎలివేటర్ అని వేరే లిఫ్ట్, కొన్నిచోట్ల వేరే మెట్లు ఉంటాయి. ఆ లిఫ్ట్ తలుపు తెరిస్తే నేరుగా వంటింటి వెనక గుమ్మం. సరుకులు, చెత్త, పనివాళ్లు అటు. అతిథులు, యజమానులు ఇటు. మన అగ్రహారాల ఇళ్లకి వెనకసందు ఎందుకు ఉండేదో, ఎవరు అటునుంచి రావాలో తెలిసిన మనకి ఈ ప్లాను కొత్తగా అనిపించకూడదు. 2014లో మన్‌హాటన్ పడమటి అంచున కడుతున్న ఒక టవర్లో, తక్కువ అద్దెవాళ్లకి వేరే గుమ్మం పెడుతున్నారని తెలిసి పెద్ద గొడవైంది. 'పూర్ డోర్' అన్నారు. 2015లో రాష్ట్రం దాన్ని నిషేధించింది. మంచిదే. అద్దె కట్టేవాళ్ల పేదగుమ్మాన్ని చూసి ఊరంతా సిగ్గుపడింది. పనివాళ్ల పేదగుమ్మం వందేళ్లుగా ఉంది, దాన్ని సౌకర్యమంటారు.

సహకారం అన్నమాట ఎంత దూరం ప్రయాణం చేసిందో కూడా చూడాలి. 1880ల మొదట్లో ఫిలిప్ హ్యూబర్ట్ అనే ఆర్కిటెక్ట్ న్యూయార్క్‌లో మొదటి కో-ఆప్‌లు కట్టినప్పుడు 'హోమ్ క్లబ్' అని పేరు పెట్టాడు. బొగ్గు కలిసి కొనుక్కోవచ్చు, పనివాళ్ల ఖర్చు పంచుకోవచ్చు అన్నది ఆకర్షణ. అంటే మొదటి రోజు నుంచీ సహకారం యజమానుల మధ్యే, పనివాళ్లు సహకారంలో పంచుకునే వస్తువులు.

ఇంకో రకం సహకారం కూడా అదే ఊళ్లో, అదే 'యుద్ధానికి ముందు' ఉంది. 1916లో బ్రూక్లిన్‌లోని సన్‌సెట్ పార్క్‌లో ఫిన్లండ్ నుంచి వలస వచ్చిన కార్మికులు 'ఆల్కు' అనే కో-ఆప్ కట్టుకున్నారు. ఆల్కు అంటే ఆరంభం. లాభానికి అమ్ముకోవడం కోసం కాదు, ఉండడానికి. 1927లో బట్టలు కుట్టే కార్మికుల యూనియన్ బ్రాంక్స్‌లో అమాల్గమేటెడ్ ఇళ్లు కట్టింది. అదే ఏడాది బ్రాంక్స్‌లోనే కమ్యూనిస్టు కార్మికులు 'ది కూప్స్' అని పిలుచుకున్న కాలనీలో చేరారు. 1928లో హార్లెమ్‌లో రాక్‌ఫెలర్ డబ్బుతో నల్లజాతివాళ్ల కోసం డన్‌బార్ అపార్ట్‌మెంట్స్ లేచాయి. డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ అక్కడ ఉన్నాడు. మాంద్యం దెబ్బకి వాయిదాలు కట్టలేకపోతే 1936లో రాక్‌ఫెలరే దాన్ని స్వాధీనం చేసుకున్నాడు. ఇవన్నీ కూడా ప్రీ-వార్ కో-ఆప్‌లే. కానీ ఆ మాట వినగానే మన కళ్లకి కట్టేది సన్‌సెట్ పార్క్ కాదు, పార్క్ ఎవెన్యూ. హైదరాబాదులో కో-ఆపరేటివ్ హౌస్ బిల్డింగ్ సొసైటీల పేరుతో ఎవరి బంగళాలు లేచాయో చూసినవాళ్లకి మాటలు ఎలా చేతులు మారతాయో నేను చెప్పక్కర్లేదు.

ఇక ప్లాను దగ్గరికి వద్దాం. నాకు ఆర్కిటెక్చర్ రాదు, సాహిత్యం చదువుకున్నదాన్ని. కానీ ఒక ఫ్లోర్ ప్లాను చదవడం ఒక నవల చదవడంకంటే కష్టమేమీ కాదు. పాత్రలెవరు, ఎవరు ఎవరికి ఎదురుపడకూడదు, ఎవరి గుమ్మం ఎటు. ప్రీ-వార్ ఇళ్లలో పేరుపొందిన నమూనా 'క్లాసిక్ సిక్స్'. ఆరు గదుల ఇల్లు. హాలు, భోజనాల గది, వంటిల్లు, రెండు పడకగదులు. ఐదయ్యాయి. ఆరోది వంటింటి వెనక పనిమనిషి గది. పక్కన ఆమెకి ఒక ఇరుకు బాత్రూమ్. అంటే లెక్కకి గది కావాలి. గదుల సంఖ్య పెరిగితే ఇంటి హోదా పెరుగుతుంది. గదిని లెక్కపెట్టారు, గదిలో మనిషిని ఇంటిమనుషుల్లో లెక్కపెట్టలేదు. వంటింటికీ భోజనాల గదికీ మధ్య ఒక చిన్న ప్యాంట్రీ, దానికి ఇటూ అటూ ఊగే తలుపు. చేతుల్లో పళ్లెంతో వచ్చే మనిషి తలుపుని భుజంతో తోసుకుని రావడానికి, ఆమె వెనకే అది తనంతట తాను మూసుకోవడానికి. వంటవాసన, గిన్నెల చప్పుడు, అలిసిన మొహం, మూడూ ఒకే తలుపు వెనక.

ఈ ప్లానుల్లో మహా నిపుణుడు రొజారియో కండేలా. సిసిలీ నుంచి వచ్చిన వలసదారు, సున్నపు పని చేసేవాడి కొడుకు. 740 పార్క్ ఎవెన్యూ, 834 ఫిఫ్త్ ఎవెన్యూ అతని పేరుతోనే ముడిపడి ఉన్నాయి. 740 పార్క్ 1930లో పూర్తయింది. పని వాడి కొడుకు కాబట్టేనేమో, పనివాళ్లు కనపడకుండా ఇల్లు ఎలా నడపాలో అతనికి అంత బాగా తెలిసింది. ఇది నా ఊహ మాత్రమే.

వుల్ఫ్ 'ఎ రూమ్ ఆఫ్ వన్స్ ఓన్' పుస్తకంగా వచ్చింది 1929 అక్టోబరు 24న. వాల్ స్ట్రీట్ కుప్పకూలడం మొదలైన గురువారం కూడా అదే. ఆ రోజున మన్‌హాటన్‌లో ఎన్ని కో-ఆప్‌లు పునాదుల్లో ఉన్నాయో, వాటి ప్లానుల్లో ఎన్ని వంటింటి వెనక గదులున్నాయో! స్త్రీ రాయాలంటే ఏడాదికి 500 పౌన్లు, తాళం వేసుకోగల గది కావాలని వుల్ఫ్ చెప్పింది. ఆ గదికి భోజనం ఎవరు తెచ్చారన్నది చాలా ఏళ్లు ఎవరూ అడగలేదు. 1916 నుంచి 1934 దాకా ఆమె ఇంట్లో వంట చేసిన నెల్లీ బాక్సాల్ గురించి, ఆ ఇద్దరి మధ్య జరిగిన ఎడతెగని యుద్ధం గురించి ఆలిసన్ లైట్ 2007లో 'మిసెస్ వుల్ఫ్ అండ్ ది సర్వెంట్స్' అని ఒక పుస్తకమే రాసింది. వుల్ఫ్‌ని కొట్టిపారేయడానికి కాదు, పూర్తిగా చదవడానికి. మన ఎం.ఏ. క్లాసుల్లో మొదటి పుస్తకం చెప్పనివాళ్లు లేరు. రెండోది చెప్పినవాళ్లని నేను ఇంకా కలవలేదు.

స్త్రీవాదులు ఈ సమస్య గురించి ఆలోచించలేదని కాదు. ఆలోచించారు, అదే అసలు బాధ. షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ 1898లోనే వంటిల్లు లేని ఇళ్లు కావాలంది. న్యూయార్క్‌లో 1914లో ఏర్పడ్డ ఫెమినిస్ట్ అలయన్స్ తరఫున హెన్రియెటా రాడ్‌మన్ అనే టీచరు, గ్రీనిచ్ విలేజ్‌లో ఒక స్త్రీవాద అపార్ట్‌మెంట్ కట్టాలని ప్లాన్లు గీయించింది. పెళ్లయి పిల్లలు కన్న టీచర్లని ఉద్యోగంలోంచి తీసేయడానికి వ్యతిరేకంగా పోరాడిన మనిషి ఆమె. ఫ్లాట్లలో వంటిళ్లు ఉండవు, వంటంతా కింద ఒకేచోట, పిల్లలకి బడి బిల్డింగులోనే. ఎంత అందమైన కల! అది ఎప్పటికీ కట్టనేలేదు. కానీ ఆ కలలో కూడా కింద వంట చేసేది ఎవరు? జీతానికి పెట్టుకున్న శిక్షణ పొందిన స్త్రీలు. వాళ్ల ఇళ్లలో వంట ఎవరు చేస్తారు, వాళ్ల పిల్లలు ఆ బడిలో చదువుతారా అన్నది ఆ ప్లానులో పట్టలేదు. డొలోరెస్ హేడెన్ 1981లో రాసిన 'ది గ్రాండ్ డొమెస్టిక్ రెవల్యూషన్'లో ఈ చరిత్రంతా ఉంది, ఈ విమర్శ కూడా ఉంది. చదివి నలభై ఏళ్లు దాటినా మనం ఇంకా ఆ చిన్న గది ఫొటో చూసి చప్పట్లు కొడుతున్నాం.

ఆ గదిలో నేను ఐదు నెలలు ఉన్నాను. పీహెచ్‌డీ తర్వాత ఒక చిన్న ఫెలోషిప్ మీద వెళ్లినప్పుడు, వెస్ట్ ఎండ్ ఎవెన్యూలో ఒక రిటైరైన ప్రొఫెసర్ ఇంట్లో నాకు దొరికిన గది అది. ఆవిడ మంచి మనిషి. యుద్ధాలకి వ్యతిరేకంగా, అబార్షన్ హక్కు కోసం జీవితమంతా నడిచిన మనిషి. గది ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. కిటికీ తెరిస్తే ఎదురుగా ఇంకో గోడ, కింద చీకటి బావి లాంటి ఖాళీ. ఇవాళ్టి నగర నియమాల ప్రకారం పడకగదికి 80 చదరపు అడుగులైనా ఉండాలంటారు. ఇది 54. అందుకే అమ్మకం ప్రకటనల్లో ఇలాంటి గదిని బెడ్‌రూమ్ అనరు. హోమ్ ఆఫీస్ అంటారు, స్టడీ అంటారు. మనిషి పడుకోవడానికి చాలదని ఇప్పుడు నియమాలు చెబుతున్న గదిలో ఒకప్పుడు ఒక మనిషి ఏళ్ల తరబడి పడుకుంది.

బోర్డుతో ఎందుకొచ్చిన గొడవ అని ఆవిడ నన్ను డోర్‌మన్లకి అతిథిగా పరిచయం చేసింది. అద్దె మాత్రం ఒకటో తారీఖునే ఇచ్చేదాన్ని. వంటింటి గోడ మీద, తెల్ల రంగు పూతల కింద, ఒక చిన్న చెక్కపెట్టె ఉండేది. ఏమిటిది అని అడిగితే చూపించింది. పిలుపుగంటల పెట్టె. హాల్లోనో పడకగదిలోనో మీట నొక్కితే ఇక్కడ గంట మోగి, ఏ గదిలోంచి పిలుపొచ్చిందో చూపించే ముల్లు కదిలేది. భోజనాల బల్ల కింద నేలలో ఇంకో మీట, చేతులకి శ్రమ లేకుండా కాలితో నొక్కడానికి. ఇప్పుడు పని చేయదు, చరిత్ర కదా, అందుకని ఉంచాం అంది. ఆ పెట్టెకీ నా మంచానికీ మధ్య దూరం నాలుగడుగులు. మోగితే వినపడకుండా ఉండే వీలు లేదు.

గురువారాలు ఇల్లు శుభ్రం చేయడానికి ఈక్వడార్ నుంచి వచ్చిన ఒకామె క్వీన్స్ నుంచి వచ్చేది. సర్వీస్ లిఫ్ట్‌లో వచ్చేది. ప్రొఫెసర్ ఎన్నోసార్లు ముందు లిఫ్ట్‌లో రమ్మన్నానని నాతో చెప్పింది. ఆమెని అడిగితే నవ్వి, ముందు లిఫ్ట్‌లో అందరూ పలకరిస్తారు, ఏ అంతస్తుకని అడుగుతారు, వెనక లిఫ్ట్‌లో ఎవరూ అడగరు అంది. మధ్యాహ్నం వంటింటి గట్టు దగ్గర నిలబడి తినేది. కుర్చీ లేక కాదు. నేను నా గదిలోకి పిలిచి కూర్చోమంటే గుమ్మం దగ్గరే నిలబడి చుట్టూ చూసి, "ఇక్కడా నువ్వు ఉండేది?" అంది. జాలిపడింది. ఆ జాలి నాకు గుచ్చుకుంది, ఎందుకంటే నేను ఆ గదిని నా స్నేహితులకి ఫొటో తీసి పంపే లోపలే అదేమిటో ఆమె ఒక్క చూపులో చదివేసింది.

ఈ గదిని చదవడం నేర్పిన రచయితలు మనకి లేకపోలేదు. 1935లో ఎల్లా బేకర్, మార్వెల్ కుక్ కలిసి 'ది క్రైసిస్' పత్రికలో రాసిన 'ది బ్రాంక్స్ స్లేవ్ మార్కెట్' చదవండి. మాంద్యంలో పని పోయిన నల్లజాతి స్త్రీలు ఉదయాన్నే బ్రాంక్స్ వీధి మూలల్లో కాగితం సంచులు పట్టుకుని నిలబడేవాళ్లు. తెల్ల గృహిణులు వచ్చి, బేరమాడి, గంటకి కొన్ని సెంట్ల లెక్కన తీసుకెళ్లేవాళ్లు. అడ్డా మీద కూలీలన్నమాట, ఆడవాళ్లు బేరమాడే ఆడవాళ్ల అడ్డా. 1956లో పుస్తకంగా వచ్చిన ఆలిస్ చిల్డ్రెస్ 'లైక్ వన్ ఆఫ్ ది ఫ్యామిలీ'లో మిల్డ్రెడ్ అనే పనామె రోజంతా జరిగింది స్నేహితురాలితో చెప్పుకుంటుంది. తనని చూసి హ్యాండ్‌బ్యాగు వదలకుండా పట్టుకుని తిరిగే యజమానురాలికి ఆమె తన బ్యాగు కోసం పరుగెత్తుకొచ్చి చెప్పే బుద్ధి చదివితే కడుపుబ్బ నవ్వొస్తుంది, ఆ తర్వాత నవ్వు ఆగిపోతుంది. జమైకా కింకేడ్ 1990 నవల 'లూసీ'లో కరీబియన్ దీవి నుంచి పిల్లల్ని చూసుకోవడానికి వచ్చిన అమ్మాయికి ఇచ్చేది సరిగ్గా ఈ గదే, వంటింటిని ఆనుకున్నదే. లూసీకి అది ఓడలో సరుకు పంపే పెట్టెలా కనిపిస్తుంది. లూసీ యజమానురాలు స్త్రీవాది, మంచిది, పుస్తకాలిస్తుంది. ఆ మంచితనమే లూసీకి ఊపిరాడనివ్వదు. పోస్ట్‌కలోనియల్ పేపర్లో ఈ నవల చెప్పేటప్పుడు వలస గురించి, తల్లీకూతుళ్ల గురించి మాట్లాడతాం. పని గంటల గురించి ఎందుకు మాట్లాడం?

మనవైపు సంగతీ అంతే. విమల 'వంటిల్లు' చదివి మారిన తరం మనది. వంటింటి మీద అంత రాసుకున్నాం. కానీ ఆ వంటింట్లో మనతోపాటు ఇంకో స్త్రీ ఉందని, ఆమె కులమేమిటో, ఆమె తాగే గ్లాసు ఏ మూల బోర్లించి ఉందో అడిగింది దళిత రచయిత్రులే. అడిగినప్పుడు మనలో చాలామంది ఉద్యమంలో చీలిక తెస్తున్నారని నొచ్చుకున్నారు.

సదస్సులో నన్ను అడిగిన ప్రశ్నకి ఇప్పుడు వస్తాను. పనిమనిషి గదిలో స్త్రీ రచయిత కూర్చోవడం విజయం కాదా? పనిమనిషి చరిత్రలోంచి వెళ్లిపోయి ఆ గది ఖాళీ అయి ఉంటే విజయమే. ఆమె వెళ్లిపోలేదు. గదిలోంచి మాత్రం వెళ్లింది. ఇప్పుడు రెండు రైళ్లు మారి ఉదయం వచ్చి సాయంత్రం వెళ్తుంది. ఆమె పడుకునే ఖర్చు ఇదివరకు ఇంటివాళ్లది, ఇప్పుడు ఆమెదే. 1935లో అమెరికా సోషల్ సెక్యూరిటీ చట్టం చేసినప్పుడు ఇంటిపనివాళ్లని బయట పెట్టింది. 1938లో కనీస వేతన చట్టం వచ్చినప్పుడూ వాళ్లు బయటే, 1974 దాకా. న్యూయార్క్ రాష్ట్రంలో డొమెస్టిక్ వర్కర్స్ యునైటెడ్ లాంటి సంఘాలు ఏళ్ల తరబడి పోరాడాక 2010లో దేశంలోనే మొదటి ఇంటిపనివాళ్ల హక్కుల చట్టం వచ్చింది. వారానికి 40 గంటలు దాటితే ఓవర్‌టైం, ఇంట్లోనే ఉండి పనిచేసేవాళ్లకైతే 44 దాటితే. వారానికి ఒకరోజు విశ్రాంతి. ఏడాది పనిచేశాక జీతంతో మూడు రోజుల సెలవు. ఏడాదికి మూడు రోజులు! దానికోసం అన్నేళ్లు ఆ స్త్రీలు బస్సులెక్కి రాజధానికి తిరిగారు. ఈ చట్టం పుట్టుకని స్త్రీవాద చరిత్రలో ఎక్కడ పెట్టాం?

2013 డిసెంబరులో న్యూయార్క్‌లో ఒక భారతీయ దౌత్యాధికారిణిని, ఇంటిపనికి తెచ్చుకున్న స్త్రీ వీసా కాగితాల్లో జీతం తప్పుగా చూపించారన్న ఆరోపణ మీద అరెస్టు చేశారు. ఒంటి మీద బట్టలు తీయించి సోదా చేశారని తెలిసి దేశం భగ్గుమంది. ఆ సోదా ఏ స్త్రీకీ జరగకూడనిదే, ఇందులో రెండో మాట లేదు. ఢిల్లీలో అమెరికా ఎంబసీ ముందు అడ్డుగోడలు తీసేశారు, టీవీలు హోరెత్తాయి. ఆ హోరులో ఇంకో స్త్రీ, జీతం గురించి ఫిర్యాదు చేసిన స్త్రీ, దేశద్రోహి అయిపోయింది. దేశం పరువు ఒక స్త్రీ ఒంటి మీదే ఉంది, ఇంకో స్త్రీ పని గంటల్లో లేదు. అప్పుడు మన పత్రికల్లో ఏం రాశామో తీసి చూడండి.

ఇదంతా ఎక్కడో అమెరికా గొడవ అనుకునేవాళ్లు ఈ వారం హైదరాబాదులో కొత్త అపార్ట్‌మెంట్ల బ్రోచర్లు తెప్పించుకోండి. 'త్రీ బీహెచ్‌కే ప్లస్ మెయిడ్' అని ఉంటుంది. ప్లాను చూడండి. వంటిల్లు, దాని వెనక యుటిలిటీ, దాని పక్కన ఒక పెట్టె లాంటి గది, బయటినుంచి వేరే గుమ్మం, అవతల సర్వీస్ లిఫ్ట్. న్యూయార్క్‌లో చరిత్ర అని రంగు పూసి ఉంచుకుంటున్నది ఇక్కడ కొత్త సౌకర్యంగా అమ్ముడవుతోంది. కొంటున్నవాళ్లలో మనం ఉన్నాం. యూనివర్సిటీ జీతాలతో, అప్పులతో, ఇద్దరి సంపాదనతో కొంటున్నాం. పనామె ఉండడానికి రాకపోతే ఆ గదిని స్టడీ చేసుకోవచ్చని కూడా మనమే అనుకుంటున్నాం.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చింది. 2011లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంటిపనివాళ్ల కోసం 189వ ఒడంబడిక తెచ్చినప్పుడు భారతదేశం అనుకూలంగా ఓటేసి, ఆమోదించడం మానేసింది. ఇవి మనం ఎవరినో అడగాల్సిన విషయాలు. మనల్ని మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి, నేనొక ప్రతిపాదన చేస్తాను. ఈ పత్రికకి రాసే, ఈ పత్రిక చదివే మనమంతా, మన ఇళ్లలో పనిచేసే స్త్రీకి ఎన్ని గంటలకి ఎంత ఇస్తున్నామో, సెలవులు ఎన్నో, జబ్బు చేస్తే ఏం చేస్తున్నామో వచ్చే సంచికకి రాసి పంపుదాం. కథలు వద్దు, అనుబంధాలు వద్దు, ఆమె మా ఇంటిమనిషిలాంటిదన్న వాక్యం అసలే వద్దు. అంకెలు చాలు. పేర్లు వేయాలా వద్దా అన్నది సంపాదకులు తేల్చుకుంటారు. నావి ఇవి: రోజుకి గంటన్నర పని, గిన్నెలూ ఇల్లూ. నెలకి 5,000 రూపాయలు. ఆదివారాలు సెలవు, పండగలకి ఆమె అడిగిన రోజులు. జబ్బు చేసిన రోజులకి కోత లేదు. పండక్కి ఒక నెల జీతం. ఇది చాలా తక్కువని ఆమె మొన్న చెప్పింది, వచ్చే నెల నుంచి 6,000 అడిగింది. ఇస్తానన్నాను. ఓవర్‌టైం మాట ఇంకా తేలలేదు.